అత్తిపత్తి ఆకు ఎందుకు ముడుచుకుంటుంది?

కాలవగట్టు మీదనో, కొబ్బరితోటలోనో, బడి ఆవరణలో కుళాయి నీళ్లు పారే చోటనో నేలబారుగా పాకే ఒక ముళ్ల మొక్కను మీరు చూసే ఉంటారు. ఆకులు తుమ్మాకును పోలి ఉంటాయి. పూలు కూడా తుమ్మపూలలాగే గుండ్రటి బంతులు, కాకపోతే పసుపుపచ్చగా కాక గులాబిరంగులో ఉంటాయి. అదే అత్తిపత్తి. కొన్నిచోట్ల సిగ్గాకు అని కూడా అంటారు. దాన్ని ముట్టుకొని ఆడుకోని వాళ్లు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. వేలు తగిలీ తగలగానే ఆకులు జతలు జతలుగా మూసుకుంటాయి, కాడ వాలిపోతుంది. మనం నవ్వుకొని ముందుకు పోతాం.

ఈసారి అలా పోకండి. మొక్క పక్కనే గొంతుక్కూర్చోండి. అరచేత్తో నిమరకుండా, ఒక ఆకు చివర ఉన్న చిట్టాకుల జతను మాత్రం గడ్డిపరకతో గట్టిగా ఒకసారి తట్టండి. ఏం జరుగుతుందో నిదానంగా చూడండి. ముందు ఆ జత పైకి లేచి రెండు చేతులు జోడించినట్లు ఒకదానికొకటి అతుక్కుంటుంది. తర్వాత దాని పక్క జత, ఆ తర్వాత దాని పక్కది. ఇలా మూత పడటం ఆకు కొస నుంచి మొదటి వైపు నడిచి వస్తుంది. దెబ్బ గట్టిదైతే అక్కడితో ఆగదు. ఆ కాడకే ఉన్న మిగతా రెమ్మలకు పాకి, ఈసారి మొదలు నుంచి కొసకు పోతుంది. చివరకు కాడ మొత్తం కీలు ఊడినట్లు కిందికి వాలుతుంది. మీరు తాకింది ఒక్క జతను, కదిలింది ఆకు మొత్తం! అంటే తాకిన చోటు నుంచి తాకని చోటుకు ఏదో కబురు వెళ్లిందన్నమాట.

పైన శీర్షికలోని ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది కాని నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. మన తెలుగులో 'ఎందుకు' అన్న మాటతో రెంటినీ అడుగుతాం. ఏ కారణం వల్ల ముడుచుకుంటుంది అన్నది ఒకటి. ఏ ప్రయోజనం కోసం ముడుచుకుంటుంది అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు మూడు వందల సంవత్సరాలకు పైగా తల బద్దలు కొట్టుకున్నారు. రెండోదానికి మాత్రం అందరూ తేలిగ్గా ఒక జవాబు చెప్పేసి ఊరుకున్నారు. ఆ జవాబు నిజమో కాదో ప్రయోగం చేసి తేల్చింది మొన్న మొన్న, 2022లో.

ముందు మొక్క సంగతి కొంచెం. దీని శాస్త్రీయ నామం మైమోసా పుడికా. 1753లో ఆ పేరు పెట్టినవాడు లిన్నేయస్. లాటిన్ భాషలో 'పుడికా' అంటే సిగ్గరి అని అర్థం. చూశారా, స్వీడన్ దేశపు పండితుడికీ మన పల్లెటూరి పిల్లలకూ ఒకే ఊహ తోచింది! దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. అక్కడి నుంచి వెచ్చటి దేశాలన్నిటికీ వ్యాపించి, ఇప్పుడు మన నేల మొక్కే అన్నట్లు కలిసిపోయింది. చిక్కుడు, కంది, చింత, తుమ్మ ఉన్న కుటుంబమే దీనిదీను.

కీలులో నీళ్లు

జంతువు కదలాలంటే కండరాలు కావాలి. మొక్కకు కండరాలు లేవు. మరి అంత చురుగ్గా కదలడం ఎలా?

కాడ కాండానికి అతుక్కున్న చోట చూడండి. అక్కడ చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని పల్వైనస్ అంటారు. అటువంటిదే ఇంకా చిన్నది ప్రతి రెమ్మ మొదట్లోనూ, మరీ చిన్నది ప్రతి చిట్టాకు మొదట్లోనూ ఉంటుంది. ఇవే అత్తిపత్తి కీళ్లు.

వాడిపోయిన తోటకూర కట్టను నీళ్లలో పెడితే కాసేపటికి మళ్లీ నిటారుగా నిలబడుతుంది కదా? దాని కణాలు నీళ్లు పీల్చుకొని, గాలి కొట్టిన సైకిలు ట్యూబులాగా బిగుసుకోవడమే అందుకు కారణం. కణంలోని నీరు గోడ మీద కలిగించే ఈ ఒత్తిడిని స్ఫీతి పీడనం అంటారు. పల్వైనస్‌లో అడుగు సగంలోని కణాలూ, పై సగంలోని కణాలూ నీళ్లతో బిగిసి ఉన్నంతసేపు కాడ పైకి నిలబడి ఉంటుంది. కబురు అందగానే అడుగు సగంలోని కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు బయటికి పోతాయి. అయాన్లు పోయిన వైపుకే నీళ్లూ పోతాయి. ద్రాక్షపండును చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే ముడతలు పడటం తరగతిలో చూశారు గదా, ఇదీ ఆ ద్రవాభిసరణే. అడుగు కణాలు మెత్తబడ్డాయి, పై కణాలు బిగువుగానే ఉన్నాయి. ఇంకేముంది, కాడ కిందికి వంగిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న. కాడ కిందికి వాలితే చిట్టాకులు మాత్రం పైకి ముడుచుకుంటాయేమి? ఈ పాటికి మీరే చెప్పగలరు. చిట్టాకు కీలులో మెత్తబడేవి అడుగు కణాలు కావు, పై వైపు కణాలు. యంత్రం ఒకటే, అమర్చడంలోనే తేడా.

వాలిపోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. తిరిగి లేవడానికి మాత్రం పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. బయటికి పోయిన అయాన్లను తిరిగి లోపలికి తోడుకోవాలి, అందుకు మొక్క శక్తి ఖర్చు పెట్టాలి. పైగా ముడుచుకున్నంతసేపూ ఆకుకు ఎండ సరిగా తగలదు, ఆహారం తయారీ తగ్గుతుంది. మనకు ఆట అయినదానికి మొక్క ప్రతిసారీ మూల్యం చెల్లిస్తూ ఉందని గుర్తుంచుకోండి. ఈ విషయంతో మనకు తరువాత పని ఉంది.

కబురు మోసేది ఎవరు?

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి 'కణం' అన్న మాటను శాస్త్రంలోకి తెచ్చాడని మీరు చదువుకున్నారు. అదే గ్రంథంలో ఆయన లండన్‌లోని ఒక తోటలో ఈ ముడుచుకునే మొక్కను పరీక్షించిన సంగతులు కూడా రాశాడు. ఆనాటి నుంచీ వాదం నడుస్తూనే ఉంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో ఎక్కువమంది నమ్మినది నీటి సిద్ధాంతం. నీళ్లు నిండిన రబ్బరు గొట్టాన్ని ఒక చివర నొక్కితే ఆ తోపుడు రెండో చివరకు చేరుతుంది కదా, మొక్కలోనూ అంతేనన్నారు. దాన్ని కాదన్నవాడు మన దేశస్థుడు, జగదీశ్ చంద్ర బోస్.

బోస్ 1858లో బెంగాల్లో పుట్టాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. తీగ లేకుండా విద్యుత్ తరంగాలను పంపే ప్రయోగాలతో మొదట పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మొక్కల వైపు తిరిగాడు. కండరాన్ని గిచ్చితే విద్యుత్ స్పందన కలిగినట్లే మామూలు మొక్క భాగాలను గిచ్చినా కలుగుతుందని 1901లో లండన్‌లోని రాయల్ సొసైటీలో చూపించాడు. అక్కడ ఆయనకు ఎదురు నిలిచినవాడు సామాన్యుడు కాడు. బర్డన్ శాండర్సన్ అనే పెద్ద శరీరధర్మ శాస్త్రవేత్త. విచిత్రమేమిటంటే, డార్విన్ కోరిక మీద 1873లో ఈగలను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ అనే మొక్కలో విద్యుత్ స్పందనను కనుగొన్నది ఆ శాండర్సనే! అది మాంసాహారి మొక్క, దాని దారి వేరు, మామూలు మొక్కల్లో అటువంటిది ఉండదన్నాడాయన. భౌతికశాస్త్రవేత్త తన పని తాను చూసుకుంటే మంచిదన్న ధోరణిలో మాట్లాడాడు. బోస్ వ్యాసం అచ్చు కాకుండా ఆగిపోయింది.

నన్నడిగితే బోస్ గొప్పతనం ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. ఆయన వాదులాడుతూ కూర్చోలేదు, పనిముట్లు తయారు చేశాడు. అత్తిపత్తి ఆకు ఎంత తేలికైనదో మీకు తెలుసు. దాని కదలికను గీత గీయించాలని కలం కడితే, కలం రాపిడికే కదలిక చెడిపోతుంది. అందుకని ఆయన మసి పట్టించిన గాజుపలక మీద కలం ఎప్పుడూ ఆనుకొని ఉండకుండా, కంపిస్తూ చుక్కలు మాత్రమే పెట్టే ఏర్పాటు చేశాడు. చుక్కకూ చుక్కకూ మధ్య కాలం ఎంతో ముందే తెలుసు. చుక్కలు లెక్కపెడితే చాలు, కబురు బయలుదేరిన ఎంతసేపటికి ఆకు కదిలిందో సెకనులో వెయ్యో వంతు దాకా తెలిసిపోతుంది. కలకత్తా పనివాళ్ల చేత చేయించిన పరికరాలే అవన్నీ.

వాటితో ఆయన వేసిన ప్రశ్న చాలా సూటి అయినది. కబురు కేవలం నీటి తోపుడే అయితే, కాడ మధ్యలో ఒకచోట చల్లబరిచినా విషం పూసినా దానికి అడ్డు ఉండకూడదు. చలికీ విషానికీ గొట్టంలోని నీటి తోపుడు ఆగదు కదా. బోస్ కాడ మధ్యలో చల్లబరిచాడు. కబురు నెమ్మదించింది, ఇంకా చల్లబరిస్తే ఆగిపోయింది. విషం పూశాడు. ఆగిపోయింది. అంటే కబురు మోసేది వట్టి నీళ్లు కాదు, ప్రాణమున్న కణాలు. ఈ ఫలితాలను 1913లో అదే రాయల్ సొసైటీ అచ్చు వేసింది. 1920లో ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది.

అయితే కథ ఇంత నున్నగా ముగియలేదు. 1916లో ఇటలీవాడైన రిక్కా అత్తిపత్తి జాతికే చెందిన ఒక మొక్క కాండాన్ని రెండుగా కోసేశాడు. రెండు ముక్కల మధ్య నీళ్లు నింపిన గొట్టాన్ని అమర్చాడు. కింది ముక్కను కాల్చాడు. గొట్టానికి అవతల ఉన్న ఆకులు ముడుచుకున్నాయి! గొట్టంలో ప్రాణమున్న కణం ఒక్కటీ లేదు. గాయమైన చోట పుట్టిన ఏదో రసాయనం నీళ్ల వెంట పోయి కబురు చెప్పిందని ఆయన తేల్చాడు.

మరి ఎవరు నిజం? ఇద్దరూను. మెల్లగా తాకినప్పుడు వెళ్లేది ముఖ్యంగా విద్యుత్ ప్రచోదనం. అది ప్రాణమున్న కణాల గుండా సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. మన నాడుల్లో అత్యంత వేగమైనవి సెకనుకు వంద మీటర్ల దాకా పోతాయి కాబట్టి ఇది నత్తనడకే. కోసినా కాల్చినా రసాయనాలు కూడా తోడవుతాయి, కబురు ఇంకా దూరం పోతుంది.

బోస్ చెప్పిన మాటల్లో నిలవనివీ ఉన్నాయి. మొక్కల్లోనూ నాడీమండలం ఉందన్నాడాయన. లేదు. విద్యుత్ కబురు ఉంది, దాన్ని మోసే నాడి లేదు, అందుకొని ఆలోచించే మెదడు లేదు. మొక్కకు నొప్పి పుడుతుందా అని పిల్లలు తరచు అడుగుతుంటారు. ఫ్రాన్సు దేశపు క్లోడ్ బెర్నార్డ్ అత్తిపత్తిని గాజు మూత కింద ఈథర్ ఆవిరిలో ఉంచి చూశాడు. ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు మనుషులకు మత్తు ఇచ్చేది ఈథర్‌తోనే. మొక్క తాకినా కదల్లేదు. మూత తీసి గాలి తగలనిస్తే కొంతసేపటికి మామూలైంది. ఈ సంగతి 1878లో ప్రకటించాడు. దీన్ని విని మొక్కకు స్పృహ ఉంది కాబట్టే స్పృహ తప్పిందని తొందరపడకండి. మత్తుమందు జంతు కణం మీదా మొక్క కణం మీదా పని చేస్తుందని మాత్రమే అది చెబుతుంది. అంతకు మించి చెప్పదు.

మిడత వచ్చినప్పుడు

ఇక రెండో ప్రశ్న. ముడుచుకోవడం వల్ల మొక్కకు ఏమిటి లాభం?

పరీక్షలో అడిగితే "ఆత్మరక్షణ కోసం" అని టక్కున రాసేస్తారు. మేమూ మార్కు వేసేస్తాం. ఆకు వాలితే ముళ్లు బయటపడి పశువు మూతికి గుచ్చుకుంటాయని కొందరు, వాడిపోయినట్లు కనిపిస్తే మేక వదిలేస్తుందని కొందరు చెబుతారు. వినడానికి బాగుంది. కాని చూసిందెవరు? ముడుచుకునే మొక్కనూ, ముడుచుకోలేని మొక్కనూ పక్కపక్కన పెట్టి, దేన్ని ఎక్కువ తిన్నారో చూస్తే కదా తెలిసేది! అసలు ముడుచుకోలేని అత్తిపత్తి ఎక్కడ దొరుకుతుంది? చిక్కంతా అక్కడే ఉంది.

జపాన్‌లో సైతామా విశ్వవిద్యాలయానికి చెందిన మసత్సుగు టొయోటా, ఆయన సహచరులు అటువంటి మొక్కను తయారు చేశారు. కీలు ఏర్పడటానికి అవసరమైన ఒక జన్యువును చెడగొట్టారు. ఆ మొక్కలు ఆకులు తొడిగాయి, కాని ఆ ఆకులకు పల్వైనస్‌లు లేవు. తాకినా కదలవు. ఇంకొన్ని మొక్కలకు కబురును అడ్డగించే మందు పెట్టి కదలకుండా చేశారు. తర్వాత మామూలు మొక్కల మీదా, ఈ కదలలేని మొక్కల మీదా మిడతలను వదిలారు.

కదలలేని ఆకులను మిడతలు ఎక్కువగా తినేశాయి. మామూలు మొక్క మీద మిడత ఒక చిట్టాకు కొరికేలోగా పక్కవి మూసుకుపోయాయి, దానికి భోజనం సరిగా కుదరలేదు. ఆత్మరక్షణ అన్న పాత ఊహ, కనీసం మిడతల విషయంలో, అప్పటికి రుజువైంది. పశువుల మాట వేరే చూడాలి. మిడతల మీద రుజువైనది మేక మీద కూడా నిజమే కావాలని లేదు.

వాళ్లే ఇంకో ముచ్చట కూడా చూపించారు. కణంలో కాల్షియం పెరిగితే వెలిగేటట్లు మొక్కను మార్చి, ఆకును గాయపరిచి సూక్ష్మదర్శిని కింద చూశారు. వెలుగు గాయం నుంచి బయలుదేరి ఆకు వెంబడి పాకింది. ఒక్కో కీలులో వెలుగు వచ్చిన సెకనులో పదో వంతుకు ఆ చిట్టాకు కదిలింది. బోస్ మసిపలక మీద చుక్కలుగా చూసిన కబురును వీళ్లు కళ్లెదుట వెలుగుగా చూశారన్నమాట. ఈ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి.

ముడుచుకుంటే నష్టం కూడా ఉందని పైన చెప్పుకున్నాం. అందువల్ల ప్రతి గాలికీ, ప్రతి చినుకుకూ ముడుచుకుంటూ కూర్చుంటే మొక్క బతకలేదు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు డెఫోంటేన్ ఈ మొక్కల కుండీలను గుర్రబ్బండిలో పారిస్ వీధుల్లో తిప్పించిన కథ ఒకటి ఉంది. బండి కుదుపులకు మొదట ముడుచుకున్న ఆకులు, కుదుపులు సాగుతూనే ఉన్నా కాసేపటికి తిరిగి విచ్చుకున్నాయట. 2014లో ఆస్ట్రేలియాలో మోనికా గాలియానో బృందం దీన్నే కొలిచి చూసింది. కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే మెత్తగా పడేశారు. కొన్నిసార్లు పడ్డాక ఆకులు ముడుచుకోవడం మానేశాయి. ఒక నెల ఆగి పడేసినా ముడుచుకోలేదట. ఇది 'నేర్చుకోవడం' అవుతుందా అన్నదాని మీద శాస్త్రజ్ఞుల్లో గట్టి తగవు నడుస్తోంది. మెదడు లేని ప్రాణి విషయంలో ఆ మాట వాడటానికి ఇంకా సాక్ష్యం కావాలన్న వాళ్ల వైపే నేనూ ఉన్నాను. కాని ప్రయోగం మాత్రం మీరూ చేయదగ్గదే.

చీకటి పెట్టె

తాకకపోయినా రోజూ పొద్దుగూకే వేళకు అత్తిపత్తి ముడుచుకుంటుంది. చింతాకు, అవిసాకు కూడా అంతే. రోడ్ల పక్క గొడుగులా పెరిగే నిద్రగన్నేరు చెట్టుకైతే ఆ పేరే దానివల్ల వచ్చింది. వెలుగు తగ్గడం వల్ల ముడుచుకుంటాయని ఎవరైనా చెబుతారు. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చింది. ఈ రకం మొక్కను వెలుగు సోకని చోట పెట్టి చూశాడు. అక్కడ పగలూ రాత్రీ ఒక్కటే. అయినా బయట తెల్లవారే వేళకు ఆకులు విచ్చుకున్నాయి, చీకటి పడే వేళకు ముడుచుకున్నాయి. మొక్క లోపలే ఏదో గడియారం ఉందన్నమాట! వంద సంవత్సరాల తర్వాత, 1832లో, డి కాండోల్ ఆ గడియారాన్ని కొలిచి, దాని రోజు 24 గంటలు కాదు, 22 నుంచి 23 గంటలేనని కనుగొన్నాడు. అటువంటి గడియారం ఈగల్లో ఎలా పని చేస్తుందో తేల్చిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. పిల్ల మొక్కను వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో సహా తీసి కుండీలో పెట్టండి. ముళ్లున్నాయి, చెయ్యి జాగ్రత్త. వారం రోజులు ఎండలో ఉంచి కుదురుకోనివ్వండి. తర్వాత వెలుతురు చొరని అట్టపెట్టె బోర్లించండి. మరుసటి రోజు ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ఎనిమిదింటికి పెట్టెను ఒక్క క్షణం ఎత్తి చూసి నోటుపుస్తకంలో రాయండి. పెట్టె ఎత్తేటప్పుడు అంచు ఆకుకు తగిలితే ఆ కొలత పనికిరాదు, కొట్టేయండి. అలాగే ఎత్తిన ప్రతిసారీ కాస్త వెలుగు లోపలికి పోతుంది. అది ఫలితాన్ని మార్చి ఉండవచ్చా? రెండో కుండీని మరో పెట్టె కింద పెట్టి, దాన్ని రెండో రోజు సాయంత్రం ఒక్కసారే ఎత్తి చూడండి. రెంటికీ తేడా ఉంటే రాయండి, లేకపోయినా రాయండి. మూడు రోజులకు మించి చీకట్లో ఉంచకండి, మొక్క నీరసిస్తుంది. అగ్గిపుల్లతో కాల్చి చూడటం లాంటివి వద్దు, ఆ పని రిక్కా ఇదివరకే చేసి పెట్టాడు.